మూడు దెబ్బలు, ఆగి ఒకటి

జూన్ 18

తిమింగలాలు ఒడ్డెక్కాయి. మా ద్వీపంలో, హామర్ అఖాతం ఇసుక మీద, ఈ చివరి నుంచి ఆ చివరి దాకా. యాభైకి పైనే ఉంటాయి. మా పెద్దవాళ్ళు తోలుడు తిమింగలాలు అనేవారే, ఆ నల్లటివి, ఉబ్బు నుదురువి.

పొద్దున్నే సముద్రంలో వేసిన లాబ్‌స్టర్ బుట్టలు లాగడానికి వెళ్ళాను. పొగమంచు ముసురుకుని ఉంది. ఏమీ కనిపించలేదు. పడవ కట్టేసి పైకి వచ్చేసరికి పక్కింటి జెసీమా గోడ దగ్గర నిలబడి గొంతు చించుకుంటోంది. అప్పటికే అవి ఇసుక మీద ఉన్నాయి.

రోజంతా నీళ్ళు మోశాం. ఊళ్ళో ఉన్న దుప్పట్లన్నీ తడిపి కప్పాం. జెసీమాకి ఎనభై దాటాయి, అయినా మడమల దాకా నీళ్ళలో నిలబడి అందరినీ తిడుతూనే ఉంది. "ఒసే రగ్నా, అక్కడ పొయ్యకే! నెత్తి మీద ఉందే దాని ముక్కు! నీ ముక్కులో పోస్తే తెలుస్తుంది!"

నేను ఒక పెద్ద ఆడదాని పక్కన కూర్చున్నాను. దాని కింద నుంచి పాలు కారుతున్నాయి. పిల్ల ఎక్కడుందో తెలియలేదు. సన్నగా ఈల వేస్తూనే ఉంది. ఎటు నుంచో ఇంకో ఈల జవాబు వస్తూనే ఉంది. మధ్యాహ్నానికి విమానంలో పశువుల డాక్టర్లు దిగారు. బతికున్నవి తక్కువ, పోటు వచ్చినా ఇంత బరువులు తేలవు, బాధ పెట్టడం తప్ప లాభం లేదన్నారు. సూదులు వేశారు. నా దానికి వేస్తుంటే దాని తల మీద చెయ్యి వేసి కూర్చున్నాను. దాని చర్మం తడిసిన రబ్బరు బూటులా ఉంది. ఈల ఆగిపోయింది.

చేతులు రెండుసార్లు కడుక్కున్నాను. ఏమీ కనిపించలేదు, పొగమంచు.

జూన్ 19

నిద్ర లేదు.

జూన్ 20

ఐల్సా అనే ఆవిడ వచ్చింది. ఒడ్డుకి కొట్టుకొచ్చిన ప్రాణులు ఎందుకు చచ్చాయో కోసి చూడటమే ఆవిడ పని. తలలు కోసి చెవుల లోపలి భాగాలు తీస్తున్నారు. సముద్రంలో పెద్ద చప్పుడైతే ముందు దెబ్బతినేది అక్కడేనట. "వీటికి చెవులే కళ్ళు. చెవి చెడితే దారి పోయినట్టే" అంది.

ఊరంతా అప్పటికే తేల్చేసింది. ఇంకెవరు? ఆ సర్వే ఓడ. వసంతకాలం నుంచీ నెస్ కొండ అవతల తిరుగుతోంది. గాలిమరల స్తంభాలు ఎక్కడ దింపాలో చూడటానికి నీళ్ళలోకి ధనాధనా చప్పుళ్ళు వదిలి, అడుగు నుంచి వచ్చే మోత వింటుంది. దాని కాపలా పడవలో మా తమ్ముడు ఎర్లెండ్‌కి పని. దాని దారిలోకి మా వలలూ పడవలూ రాకుండా చూడటం.

"ఆ పొద్దున సముద్రంలో ఎవరైనా ఉన్నారా?" అని ఐల్సా అడిగింది.

"ఉంది కదా, మా రగ్న" అంది జెసీమా. నన్ను ముందుకు తోసింది కూడా.

"ఏమైనా చూశారా? విన్నారా?"

అందరూ నా వైపు చూశారు. "ఓడ వైపు నుంచి చప్పుడు వచ్చింది" అన్నాను.

నోట్లోంచి అలా వచ్చేసింది. రోజూ వచ్చే చప్పుడే కదా, ఆ రోజు మాత్రం ఎందుకు రాదు? వచ్చే ఉంటుంది.

జూన్ 22

ఎర్లెండ్ భోజనానికి వచ్చాడు. ఉప్పు చేప, బంగాళాదుంపలు పెట్టాను. సగం తిన్నాక మాట ఎత్తాడు.

"ఆ రోజు ఓడ చప్పుడు చెయ్యలేదక్కా. ముందు రోజు సాయంత్రమే యంత్రం పాడైంది. సామాను వచ్చేదాకా అందరూ పేకాడుతూ కూర్చున్నారు."

"ఆ మాట ఊళ్ళో చెప్పు మరి."

"చెప్పాను. జీతం ఇచ్చేవాళ్ళ పాట పాడుతున్నావన్నారు. పైగా మీ అక్కే చెవులారా విందిగా అన్నారు."

నేను వెన్న కోసం లేచాను. వెన్న బల్ల మీదే ఉంది.

"నువ్వు ఎటు వైపు ఉన్నావక్కా ఆ పొద్దున?"

"బయటికి. చాలా బయటికి."

రొట్టె ముక్కతో పళ్ళెం తుడుచుకున్నాడు. చిన్నప్పుడు అలా చేస్తే అమ్మ మొట్టేది. వెళ్తూ గుమ్మం దగ్గర నా ఎర బకెట్టు చూసి, మూత ఎత్తి, మళ్ళీ పెట్టాడు. ఏం వెతుకుతున్నాడో, ఎర అయిపోయిందేమోనని చూశాడేమో.

కనిపించాయి. ఇక్కడైనా రాసుకోవాలి. ఏమీ కనిపించలేదన్నది నిజం కాదు. కనిపించాయి, కానీ దూరంగా. నేను చేయగలిగింది ఏమీ లేదు.

జూన్ 25

హాల్లో మీటింగు. పోస్టాఫీసు గిల్బర్ట్ అధ్యక్షుడు. ఆయనకి అధ్యక్షత అంటే టై కట్టుకుని గొంతు సవరించుకోవడం. నన్ను మాట్లాడమన్నారు. ఆ ఆడ తిమింగలం సంగతి చెప్పాను, పాల సంగతి, ఈల సంగతి. అవి నిజమే కదా. ఏడ్చాను కూడా. అదీ నిజమే. కూర్చోగానే చప్పట్లు కొట్టారు. నా జన్మలో నాకు ఎవరూ చప్పట్లు కొట్టలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, మొహం వేడెక్కింది, బాగుందనిపించింది కూడా.

తరవాత పడవల పండగ సంగతి. ఏటా జూలైలో పడవలన్నీ వరసగా అఖాతంలోకి వస్తాయి, మగపిల్లలు డబ్బాలు కొడతారు, ఆడపిల్లలు ఒడ్డున జెండాలు ఊపుతారు, ఆ తరవాతే పోటీలు. తాతల కాలంలో తిమింగలాల్ని అలాగే ఇసుక మీదికి తోలి నూనె తీసేవారు. ఇప్పుడది ఆటగా మిగిలింది. ముందు పడవలో నిలబడి డబ్బా కొట్టేది ఎర్లెండ్. తాత దగ్గర్నుంచి వాడికి వచ్చింది.

ఈ ఏడు డబ్బాలు వద్దన్నారు. ఇసుక మీద ఒక నిమిషం మౌనం పాటించాలన్నారు. ముందు నేను నిలబడాలట.

గిల్బర్ట్ గొంతు సవరించుకున్నాడు. "ఎర్లెండ్ విషయం... నేననేది కాదనుకోండి, ఆ రోజు అతను ఒడ్డున కనిపించకపోతేనే అందరికీ బాగుంటుందేమో."

జెసీమా ఊరుకోలేదు. "వాడేం ఓడకి యజమానా? తాడు పట్టుకునేవాడు. నోరుంది కదా అని వాగకండి."

అయినా చేతులు లేచాయి. నేను చెయ్యి ఎత్తలేదు. వద్దని కూడా అనలేదు. నా ఒళ్ళో చేతులున్నాయి, వాటినే చూస్తూ కూర్చున్నాను.

జూన్ 28

ఎర్లెండ్ వ్యాను మీద ఎవరో ఎర్రరంగు పోశారు. పిల్లకాయలు చేసి ఉంటారులే అన్నాను. వాడు గుడ్డతో తుడుస్తూనే ఉన్నాడు. "ఏమైనా చెప్పాలనుందా అక్కా?" అని అడిగాడు. కిరసనాయిలు వాడితే తొందరగా పోతుందని చెప్పాను.

జూలై 1

కిరసనాయిలట. ఛీ.

జూలై 3

రాస్తాను. ఇది ఎవరు చదువుతారు గనక.

నేను అఖాతం నోటి దగ్గరే ఉన్నాను. దూరం కాదు, పాడూ కాదు. బుట్ట పైకి లాగుతుంటే పక్కనే తిమింగలం ఊపిరి బుస్సుమంది. అవి నాకూ ఇసుకకీ మధ్య ఉన్నాయి, లోపలికి పోతున్నాయనిపించింది. నీళ్ళు పాటు మీద ఉన్నాయి, వెనక్కి తీస్తున్నాయి, లోపల మోకాటి లోతే. ఆపాలి. అదొక్కటే తోచింది, దేవుడి సాక్షిగా. చప్పుడు చేస్తే తిరుగుతాయని ఈ ద్వీపంలో పాలు తాగే పిల్లని అడిగినా చెప్తుంది. ఎర బకెట్టు మూత తీసి కొక్కెం కర్రతో కొట్టాను. ఇంజను మోత కూడా పెంచాను.

తిరిగాయి. చప్పుడుకి దూరంగా తిరిగాయి. చప్పుడు ఎక్కడుంది? నా దగ్గర. నేనెక్కడున్నాను? సముద్రం వైపు. ఇంకెటు పోతాయి?

తాతలు పడవలు పెట్టిన చోటే నేను పడవ పెట్టాను. వాళ్ళు తోలడానికి పెట్టేవారు. నేను ఆపడానికి పెట్టాను. ఒడ్డు వైపు వెళ్ళి కొట్టాల్సింది. రాళ్ళ మీదుగా చుట్టి వెళ్ళాలి, ఆ టైములో కుదరదు. కుదిరేదేమో. ఒక్క క్షణం ఆలోచించి ఉంటే.

ఇది పొరపాటు. పొరపాటే కదా. మంచికని చేశాను.

జూలై 6

ఐల్సా ఫోన్ చేసింది. చెవుల సంగతి తేలలేదట. చచ్చిన కొద్ది గంటల్లోనే లోపలి నరాలు కుళ్ళిపోతాయి, ఆలస్యమైందంది. "చప్పుడు కారణం కావచ్చు, కాకపోవచ్చు. ముందు నడిచేదానికి జబ్బు చేసి ఉండొచ్చు, అది దారి తప్పితే మిగతావన్నీ దాని వెనకే పోతాయి. మీ అఖాతం ఇసుక వాలుగా ఉంటుంది కదా, అవి వేసే ఈల తిరిగి రాదు, ముందు లోతుందనే అనుకుంటాయి. కారణం ఒక్కటే అయ్యుండక్కర్లేదు."

ఒక్కటే అయ్యుండక్కర్లేదు. ఈ మాట పట్టుకుని వంటింట్లో అటూ ఇటూ తిరిగాను.

"ఆ పొద్దున ఇంకే పడవైనా దగ్గర్లో ఉందా, రగ్నా? చిన్నదైనా సరే. తప్పు పట్టడానికి కాదు. తెలిస్తే రేపు ఇంకోచోట పనికొస్తుంది."

"లేదు" అన్నాను.

ఆవిడ థాంక్స్ చెప్పింది.

జూలై 8

ఎర్లెండ్ ఇల్లు తాళం వేసి పెద్ద ద్వీపానికి, కర్క్‌వాల్ పట్నంలో రేవు పనికి పోతున్నాడట. పండగ అయిన రెండో రోజు ఫెర్రీకి. నాకు వాడు చెప్పలేదు, జెసీమా చెప్పింది. "నీ ఒక్కగానొక్క తమ్ముడే. నువ్వు ఉండమంటే ఉంటాడు. ఒక్క మాట అనవే" అంది.

ఒక్క మాటే. అది ఏ మాటో ముసలిదానికి తెలియదు.

వాడి గడప దాకా వెళ్ళాను. లోపల పెట్టెలకి మేకులు కొడుతున్నాడు. వెనక్కి వచ్చేశాను.

జూలై 13

చెప్పేశాను.

ఇసుక మీద ఊరంతా ఉంది. తిమింగలాల్ని పాతిపెట్టిన చోట ఇంకా వాసన వస్తూనే ఉంది. గిల్బర్ట్ టై గాలికి చెవి మీదికి ఎగురుతోంది. ఎర్లెండ్ ఇసుక మీదికి రాలేదు, రోడ్డు మీద గోడ అవతల నిలబడ్డాడు. రోడ్డు ఒడ్డు కింద లెక్క కాదుగా.

"మన రగ్న ముందు నిలబడుతుంది" అన్నాడు గిల్బర్ట్. అందరూ టోపీలు తీశారు. ఆ టోపీలు తీయడం చూశాక ఇక నా వల్ల కాలేదు.

"ఓడ చప్పుడు నేను వినలేదు" అన్నాను. వెనకాల వాళ్ళకి వినపడలేదు, మళ్ళీ చెప్పమన్నారు. ఒకసారి చెప్పడమే గగనమైతే రెండోసారి అరిచి చెప్పాల్సి వచ్చింది. "ఓడ చప్పుడు నేను వినలేదు! అబద్ధం చెప్పాను! చప్పుడు చేసింది నేను! అఖాతం నోటి దగ్గర పడవలో నిలబడి బకెట్టు మూత కొట్టాను. తిప్పుదామనుకున్నాను. ఇసుక మీదికి పోయాయి."

నిమిషం మౌనం ఎవరూ పెట్టకుండానే జరిగిపోయింది.

ముందు జెసీమాయే మాట్లాడింది. "బయటి వైపు నుంచి కొట్టావా? ఓసి నీ తెలివి తెల్లారా!" అంది. తరవాత తన చేతికర్ర ఇసుకలో గుచ్చి, నా దగ్గరికి వచ్చి, నా కోటు గుండీ ఊడి ఉంటే పెట్టింది. పెడుతూ, "వాడి వ్యాను మీద రంగు పోసినప్పుడు కూడా తెలుసు కదే నీకు" అంది, నాకు మాత్రమే వినపడేలా.

తక్కినవాళ్ళు మంచివాళ్ళు. అదే చచ్చేంత బాధ. మంచికే చేశావు కదా అన్నారు. మా నాన్నయినా అదే చేసేవాడన్నారు. ఓడ ఇన్ని నెలలు బెదరగొట్టకపోతే అవి ఇటు వచ్చేవే కాదు కదా అని గిల్బర్ట్ ఓడ మీదికే తిప్పబోయాడు. ఎవరో భుజం తట్టారు. తిడతారని వచ్చాను, టీ ఇచ్చారు.

నేను చూసేసరికి గోడ అవతల ఎవరూ లేరు.

జూలై 14

ఐల్సాకి ఫోన్ చేసి చెప్పాను. కలం గీస్తున్న చప్పుడు వినపడింది. రాసుకుంటున్నట్టుంది. "ఆ రోజే చెప్పి ఉంటే బాగుండేది" అని మాత్రం అంది, మర్యాదగానే.

జూలై 15

రేవు. ఎర్లెండ్ పెట్టెలు ఫెర్రీలోకి ఎక్కుతున్నాయి. నేను చేపల పొట్లం, కొత్త సాక్సులు పట్టుకెళ్ళాను. గిల్బర్ట్ వాళ్ళు కూడా వచ్చారు, వాడిని ఉండిపొమ్మనడానికి. వాడు అందరితో నవ్వుతూనే మాట్లాడి పంపించాడు. తరవాత నేనూ వాడూ తాళ్ళ కుప్ప దగ్గర.

"క్షమించరా" అన్నాను.

"నేను విన్నానక్కా ఆ పొద్దున."

నాకు అర్థం కాలేదు.

"పొగమంచు అని మా పడవని నెస్ కొండ చాటుకి తెచ్చి ఆపారు. డెక్కు మీద పడుకుని ఉన్నాను. నీళ్ళ మీద చప్పుడు ఎంత దూరమైనా వస్తుంది కదా. మూడు దెబ్బలు, ఆగి ఒకటి. తాత దెబ్బ. అది కొట్టడం వచ్చినవాళ్ళం బతికున్నది ఇద్దరమే. నేనేమో పడుకుని ఉన్నాను."

"మరి ఎందుకు చెప్పలేదు? ఇన్నాళ్ళు తిట్లు పడుతూ?"

"నువ్వు చెప్తావని." మామూలుగానే అన్నాడు, పడవలో బరువు ఎటు పెట్టాలో చెప్పినట్టు. "భోజనానికి వచ్చినప్పుడు చెప్తావనుకున్నా. హాల్లో చెప్తావనుకున్నా. వ్యాను దగ్గర... కిరసనాయిలన్నావు. ఊళ్ళో వాళ్ళ మాటలకి కాదక్కా నేను పోతున్నది. వాళ్ళకి తెలియక అన్నారు."

నేను సాక్సుల పొట్లం పిసుకుతూ నిలబడ్డాను. ఫెర్రీ హారన్ కొట్టింది.

"మొన్న ఇసుక మీద చెప్పినదాంట్లో కూడా ఒకటి వదిలేశావు" అన్నాడు. "కాసేపు కొట్టావు, ఆపేశావు. హమ్మయ్య, చూసుకుంది, అనుకున్నా. లేచి కూర్చున్నా. మళ్ళీ మొదలుపెట్టావు. మొదటిసారి కంటే గట్టిగా. ఎందుకక్కా?"

"తెలియదురా."

"సరే" అన్నాడు. చేపలు తీసుకున్నాడు. సాక్సులు కూడా తీసుకున్నాడు. వెనక్కి చూడలేదు, చెయ్యి ఊపలేదు.

జూలై 16

తెలుసు.

ఆపాను, నిజమే. ఇంజను తగ్గించాను. మంచు కాస్త విడిచింది. అవి గుంపుగా ముద్దగట్టి నిలబడ్డాయి. అప్పుడు ముందున్న నాలుగైదు తలలు నెమ్మదిగా ఇటు తిరిగాయి, నా వైపు, బయటి వైపు. ఇంకాసేపు నోరు మూసుకుని కూర్చుని ఉంటే నా పడవ పక్క నుంచే పోయేవేమో. దారి ఇచ్చి పక్కకి జరిగితే ఇంకా తొందరగా పోయేవి. అది నాకు ఆ క్షణంలో తెలిసింది. తరవాత కాదు, అప్పుడే.

నా చేతిలో మూత ఉంది.

నేను వాడికంటే ఐదేళ్ళు పెద్ద. చిన్నప్పుడు తాత ఒళ్ళో కూర్చోబెట్టుకుని డబ్బా మీద దెబ్బ నేర్పింది వాడికి. వాడికి అందక తప్పుతుంటే పక్కన నిలబడి నా తొడ మీద నేను కొట్టుకునేదాన్ని, ఒక్కటీ తప్పకుండా. "నీకెందుకే, నువ్వు జెండా పట్టుకో" అనేవాడు తాత. పట్టుకున్నాను. ఎన్నేళ్ళు పట్టుకున్నానో. చన్నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఆ వెధవ జెండా ఊపుతూ, వాడు ముందు పడవలో కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి కొడుతుంటే చూస్తూ.

ఆ పొద్దున నేను మొదటిసారి కొట్టినప్పుడు అన్ని నల్లటి వీపులూ ఒక్కటిగా కదిలాయి. అంత పెద్ద ప్రాణులు, నేను కొట్టిన దెబ్బకి. ఆపితే అది ఆగిపోయింది. మళ్ళీ ఒక్కసారి చూద్దామనుకున్నాను. లేచి నిలబడ్డాను, కాళ్ళు ఎడంగా పెట్టి. మూడు దెబ్బలు, ఆగి ఒకటి. కదిలాయి. ఇంకోసారి. కదిలాయి. చేతి నిండా కొట్టాను. నవ్వాను కూడా, ఆ పొగమంచులో ఒక్కదాన్నే, ఇంత ముసలిదాన్ని. ఇసుక మీద నీళ్ళు చిందిన చప్పుడు వినపడేదాకా కొట్టాను.

ఎందుకక్కా అని అడిగాడు. బాగుంది కాబట్టి, అంతే. దీనికి టీ ఇవ్వరు ఎవరూ.

మధ్యాహ్నం వాడి నంబరు రెండుసార్లు నొక్కాను. మోగకముందే పెట్టేశాను. ఇది ఫోన్‌లో చెప్పే మాట కాదు. పొద్దుటి ఫెర్రీకి కర్క్‌వాల్ వెళ్తున్నాను. వాడి కళ్ళలోకి చూసి చెప్పాలి, ఆ తరవాత వాడు ఏమంటే అది వినాలి.